డాలస్ చలిలో పికరింగ్ మామిడి: కుండీ అంటు మొక్కపై సమీక్ష

డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పెరట్లో ఒక మామిడి చెట్టు ఉంటే బాగుండునని అనుకోని ఇల్లు అరుదు. ఈ సమీక్ష పికరింగ్ అనే పొట్టి రకం మామిడి అంటు మొక్క గురించి. ఫ్లోరిడాలోని ఒక నర్సరీ నుంచి దీన్ని తెప్పించి, నేలలో నాటకుండా కుండీలోనే పెంచుతూ, ఇక్కడి చలికాలాలను దాటించిన అనుభవంతో రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మంచు పడే ఊళ్లో మామిడిని ఎంచుకునేటప్పుడు పండు రుచి కంటే ముందు చూడవలసింది చెట్టు ఆకారం. ఆ లెక్కన పికరింగ్ చాలా మంచి ఎంపిక. అయితే ఇది చలిని తట్టుకునే రకమని అమ్మకపు పేజీల్లో కనిపించే మాటను నమ్మి కొన్నవారికి మాత్రం మొదటి జనవరిలోనే నిరాశ ఎదురవుతుంది.

మామిడికి చలి ఏ స్థాయిలో హాని చేస్తుందో తెలియకపోతే ఏ రకాన్నీ సరిగా అంచనా వేయలేము. లేత మొక్కలు 30 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 1 సెల్సియస్ దగ్గరే చనిపోవచ్చు. బాగా ముదిరిన చెట్టు 25 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 4 సెల్సియస్ వరకు కొన్ని గంటలపాటు ఓర్చుకోగలదు గానీ, ఆకులూ సన్న కొమ్మలూ మాడకుండా మాత్రం బయటపడదు. పూత, లేత పిందెలు ఇంకా సున్నితమైనవి. 40 ఫారెన్‌హీట్, అంటే 4 సెల్సియస్ కంటే కిందికి కొన్ని గంటలు దిగినా అవి దెబ్బతింటాయి. నీరు గడ్డకట్టే స్థాయికి ఇంకా నాలుగు డిగ్రీల పైనే పూత పోతుందన్నమాట. చలి ప్రదేశంలో మామిడి పెంచడంలో ఉన్న కష్టమంతా చెట్టు బతకడానికీ పూత బతకడానికీ మధ్యనున్న ఈ తేడాలోనే ఉంది. చెట్టు పచ్చగా ఉన్నా ఏళ్ల తరబడి ఒక్క కాయ కూడా కాయలేదని చెప్పే ఇళ్లలో ఎక్కువగా జరుగుతున్నది ఇదే.

డాలస్‌లో సగటున నవంబరు మూడో వారం తర్వాత నీరు గడ్డకట్టే చలి మొదటిసారి వస్తుంది, మార్చి మధ్యలో చివరిసారి వస్తుంది. సగటు జనవరి రాత్రి రెండు మూడు సెల్సియస్ డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంతవరకైతే ఏదో ఒక విధంగా నెట్టుకురావచ్చు. కానీ ఇక్కడి చలి సగటును బట్టి నడవదు. 2021 ఫిబ్రవరి 16న డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. రాష్ట్రంలో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. దీపాలనూ హీటర్లనూ నమ్ముకుని నేలలో పెట్టిన మామిడికి అటువంటి రాత్రి ఆధారం ఏదీ మిగలదు. అందుకే ఉత్తర టెక్సస్‌లో మామిడిని నేలలో నాటమని నేను ఎవరికీ చెప్పను. హ్యూస్టన్‌కు దక్షిణంగా, గాల్వెస్టన్ వైపు సముద్రం దగ్గర ఉన్నవారి సంగతి వేరు.

చలి ఓర్పులో మామిడి రకాల మధ్య తేడా ఉన్నా, అది అమ్మకపు పేజీల్లో చెప్పినంత పెద్దది కాదు. రకం కంటే చెట్టు వయసు, కాండం మందం, ఆ సమయానికి చిగురు లేతగా ఉందా ముదిరిందా అన్నవే ఎక్కువగా లెక్కకు వస్తాయి. 1889లో అమెరికా వ్యవసాయ శాఖ భారతదేశం నుంచి తెప్పించిన అంటు మొక్కలను ఫ్లోరిడాలోని లేక్ వర్త్ దగ్గర నాటితే, 1894–95 చలికాలం వాటిలో ఒక్కటి తప్ప అన్నింటినీ తుడిచిపెట్టింది. మిగిలిన ఆ ముల్గోబా రకం చెట్టు 1898లో కాపుకు వచ్చింది. దాని టెంక నుంచి 1902లో మొలిచిన మొక్కే హేడెన్ రకానికి మూలం. ఒక చెట్టు చలిని దాటి బతికింది కదా అని దాని సంతతి అంతా చలికి గట్టిదైపోలేదు. ఫ్లోరిడా తోటల రైతులు ఈ రోజుకీ మంచు రాత్రుల్లో నిద్ర మానుకుని చెట్లకు నీళ్లు పెడుతూనే ఉంటారు.

ఇక మొక్క విషయానికి వస్తే, నాకు వచ్చినది మూడు గ్యాలన్ల కుండీలో ఉన్న, మోకాలి ఎత్తు దాటిన అంటు మొక్క. రవాణాతో కలిపి వంద డాలర్లు దాటింది. పెట్టెలో కుండీ కదలకుండా కట్టారు, మట్టి ఒలికిపోలేదు, ఆకులు రెండు మూడు తప్ప చెదరలేదు. అంటు కట్టిన చోటు బాగా మానింది, పైకొమ్మా కింది కాండమూ ఒకే మందంలో ఉన్నాయి. ఫ్లోరిడాలో అంట్లకు సాధారణంగా టర్పెంటైన్ అనే నాటు రకం టెంకల మొలకలను వేరుమొక్కగా, అంటే అంటుకు కింది భాగంగా, వాడతారు. నా మొక్కకూ అదే వాడారని నేను అడిగినప్పుడు నర్సరీవారు చెప్పారు. లోపాలు రెండు కనిపించాయి. అంటుకు చుట్టిన ప్లాస్టిక్ పట్టీని విప్పకుండానే పంపారు, అది కాండంలోకి నొక్కుకుపోవడం మొదలైంది. వేళ్లు కుండీ అడుగున గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. ఇంటికి చేరిన వెంటనే పట్టీని జాగ్రత్తగా కోసి తీసేయాలి. చుట్టుకున్న వేళ్లను మాత్రం వాతావరణం వెచ్చబడ్డాక, పెద్ద కుండీలోకి మార్చేటప్పుడు సర్దడం మంచిది. మొక్కతో వచ్చిన కాగితంలో ఈ రెండింటి ప్రస్తావనా లేదు.

పికరింగ్ అసలైన గొప్పతనం దాని పెరుగుదలలో ఉంది. కెంట్, కీట్ వంటి రకాలు పొడవుగా, కొమ్మలు చాచుకుంటూ పెరుగుతాయి. వాటిని కుండీలో అదుపు చేయాలంటే ఏటా గట్టిగా కత్తిరించాలి, కత్తిరించిన ప్రతిసారీ ముదిరిన కొనలు పోయి తర్వాతి పూత తగ్గుతుంది. పికరింగ్ తనంతట తానే పొదలా గుబురుగా, పొట్టిగా పెరుగుతుంది. కొమ్మ కొసలు దగ్గరదగ్గరగా ఉంటాయి. మామిడి పూత కొసల్లోనే వస్తుంది కాబట్టి ఎన్ని కొసలు ఉంటే అన్ని పూగెలలకు అవకాశం ఉంటుంది. ఆరడుగులు దాటకుండా ఉంచడానికి ఏడాదికి ఒకసారి, కాయలు కోసిన వెంటనే, తేలికపాటి కత్తిరింపు సరిపోతుంది. చలికాలంలో కరివేపాకు కుండీని గ్యారేజీలోకి లాగినట్టే దీన్నీ లాగవచ్చు, బరువు మాత్రం ఎక్కువ. ఈ ఒక్క గుణం కోసమే నేను ఈ రకాన్ని సిఫారసు చేస్తున్నాను.

మన రకాలనే ఎందుకు పెంచకూడదని చాలామంది అడుగుతారు. బంగినపల్లి పండు తిని టెంక నాటితే మొలక వస్తుంది, కానీ ఆ మొలక బంగినపల్లి కాదు. మన దేశపు రకాల్లో ఎక్కువ వాటికి టెంకలో ఒకే పిండం ఉంటుంది, అది పరపరాగ సంపర్కంతో పుట్టినది కాబట్టి తల్లి గుణాలు యథాతథంగా రావు. పైగా టెంక మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పట్టవచ్చు, అప్పటికి అది ఏ గ్యారేజీ తలుపులోనూ పట్టదు. అంటు కావాలనుకునేవారికి న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ నీలం, దశేరి రకాలను సంకరం చేసి రూపొందించిన మల్లిక, ఆమ్రపాలి కూడా అమెరికాలో దొరుకుతాయి. ఆమ్రపాలి సహజంగా పొట్టిది, దగ్గరదగ్గరగా నాటే తోటల కోసమే ప్రచారంలోకి వచ్చింది. మల్లిక రుచి నాకు పికరింగ్ కంటే చాలా ఇష్టం. కానీ కుండీలో మల్లిక కొమ్మలు తీగల్లా సాగుతాయి, కాయల బరువుకు వంగిపోతాయి, ఊతకర్రలు పెట్టాల్సి వస్తుంది. చలిరాత్రి ముందు హడావిడిగా లోపలికి తరలించే చెట్టుకు ఇది పెద్ద ఇబ్బంది.

కుండీ విషయంలో ఒక మాట. పదిహేను గ్యాలన్ల కుండీ నా దృష్టిలో తగిన పరిమాణం. అంతకు మించితే, చక్రాల పీట ఉన్నా, తడి మట్టితో ఇద్దరు మనుషులు లేనిదే గడప దాటదు. మట్టిలో పైన్ బెరడు ముక్కలు, పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు సగానికి పైగా ఉండాలి. పెరట్లోని నల్లరేగడి ఒక్క గుప్పెడు కూడా కలపకూడదు. డాలస్ కుళాయి నీళ్లకు క్షార గుణం ఎక్కువ. ఆ నీళ్లే పోస్తూ పోతే రెండో ఏడాదికి కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతా భాగం పసుపు పచ్చబడతాయి, ఆకు కొసలు ఉప్పు పేరుకుని మాడతాయి. క్షార నేలల కోసం తయారుచేసే చీలేటెడ్ ఇనుము ఎరువు వేసి, నెలకొకసారి నీళ్లు అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా పోసి ఉప్పును కడిగేస్తే మొక్క మళ్లీ కోలుకుంటుంది. వాన నీళ్లు పట్టి పోయగలిగినవారికి ఈ బెడద చాలావరకు ఉండదు.

చలికాలపు సంరక్షణ సెప్టెంబరులోనే మొదలవుతుంది. నత్రజని ఎరువు ఆపేయాలి, నీళ్లు తగ్గించాలి, అక్టోబరులో కొత్త చిగురు రాకుండా చూసుకోవాలి. ఎర్రని లేత చిగురుతో చలిలోకి వెళ్లిన కొమ్మే మొదట మాడుతుంది. అంతేకాక చలికి ముందే ముదిరి విశ్రాంతిలో ఉన్న కొసలే పూతకు వస్తాయి. నవంబరు నుంచి కుండీని ఇంటి దక్షిణపు గోడకు ఆనించి ఉంచుతాను. పగలంతా ఇటుకలు పీల్చుకున్న వేడిని రాత్రి గోడ తిరిగి ఇస్తుంది. రాత్రి 40 ఫారెన్‌హీట్ పైన ఉన్నంతవరకు చెట్టు బయటే ఉండవచ్చు. 35 దగ్గరకు దిగుతుందంటే ఆకులు లేతవైనా ముదురువైనా మంచుగుడ్డ (చలి నుంచి కాపాడే ఫ్రాస్ట్ క్లాత్) కప్పి, లోపల దీపాల దండ వేస్తాను. 30 కంటే కిందికి వెళ్తుందని చెబితే ఇక గ్యారేజీయే.

ఈ సందర్భంలో చెట్టుతోపాటు కొనవలసిన వస్తువులు రెండున్నాయి. మొదటిది చలిని గుర్తించి తనంతట తానే పనిచేసే ప్లగ్గు. ఉష్ణోగ్రత 35 ఫారెన్‌హీట్‌కు దిగితే కరెంటు ఇస్తుంది, 45కు ఎక్కితే ఆపేస్తుంది. థర్మోక్యూబ్ అనే పేరుతో దొరికే చిన్న పెట్టె ఇదే. ధర తక్కువ, పనితనం నమ్మదగినది. అర్ధరాత్రి లేచి స్విచ్చు వేసే శ్రమను పూర్తిగా తప్పించింది. దానికి తగిలించే దీపాలు మాత్రం పాతకాలపు ఫిలమెంట్ బల్బుల క్రిస్మస్ దండే అయి ఉండాలి, ఎల్ఈడీ దండ వెలుగుతుందే గానీ గుడ్డ లోపలి గాలిని వేడి చేయదు. బల్బులు గుడ్డనూ ఆకులనూ తాకకుండా కట్టడం, బయట వాడదగిన తీగనే ఎంచుకోవడం నిప్పు భద్రతకు తప్పనిసరి. రెండోది మంచుగుడ్డ. ఇది తనంతట తాను వేడి పుట్టించదు, నేల నుంచి పైకి వచ్చే వేడిని మాత్రమే పట్టి ఉంచుతుంది. కాబట్టి చెట్టు తలకు టోపీలా చుట్టి కాండం దగ్గర తాడు బిగించడం దండగ. నేలకు తాకేలా నలువైపులా దించి, అంచుల మీద ఇటుకలు పెట్టాలి. కుండీ చెట్టులో వేళ్లకు నేల రక్షణ కూడా ఉండదు, అందువల్ల కుండీ చుట్టూ పాత దుప్పటి చుట్టడం గుడ్డ కప్పడమంత అవసరం. మడిచి పెట్టుకునే ప్లాస్టిక్ గ్రీన్‌హౌసులను నేను సిఫారసు చేయను. ఎండపూట లోపల ఉక్కపోస్తుంది, రాత్రికి వేడంతా పోతుంది, ఉత్తరపు గాలికి గొట్టాలు ఊడిపోతాయి.

గ్యారేజీలో చెట్టు వరసగా నాలుగైదు రోజులు చీకట్లో ఉన్నా నష్టం లేదు, చల్లగా ఉన్నంతవరకు. చీకటి, వెచ్చదనం కలిస్తేనే ఆకులు రాలుతాయి. కాబట్టి హీటర్‌తో గ్యారేజీని వేడి చేయాల్సిన పని లేదు. లోపల 40 ఫారెన్‌హీట్ దగ్గర నిలిస్తే చాలు. చలిగాలి పోగానే బయటి చలికాలపు ఎండలోకి తెచ్చేయాలి. ఆ వారంలో నీళ్లు దాదాపు పోయనవసరం లేదు. చల్లటి తడి మట్టిలో వేళ్లు కుళ్లి చచ్చిన కుండీ మామిళ్లను, మంచుకు చచ్చినవాటికంటే ఎక్కువగా చూశాను.

పూత గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పికరింగ్ విలువ తేలేది ఇక్కడే. మామిడికి చలి శత్రువే గానీ కొంత చలి లేకపోతే పూతా లేదు. నూజివీడులోనైనా కొల్లాపూర్‌లోనైనా డిసెంబరు, జనవరి రాత్రులు 15 సెల్సియస్ దగ్గరకు దిగి, ఆకాశం నిర్మలంగా ఉన్న ఏడాదే చెట్లు నిండుగా పూస్తాయి. చలి చాలని ఏడాది కొసలు పూతకు బదులు చిగురు వేస్తాయి. డాలస్‌లో ఆ చలి నవంబరులోనే పుష్కలంగా దొరుకుతుంది, దాంతో పికరింగ్ జనవరికే గెలలు తీయడం మొదలుపెడుతుంది. ఇది చూసి సంబరపడి ఆ పూతను కాపాడాలని ప్రయత్నిస్తే శ్రమ వృథా అవుతుంది. చలి రాత్రుల్లో పుప్పొడి సత్తువ కోల్పోతుంది, ఆడ, మగ భాగాలు రెండూ ఉండే సంపూర్ణ పుష్పాల సంఖ్య తగ్గుతుంది, గ్యారేజీలో ఈగలూ తేనెటీగలూ ఉండవు. ఒకవేళ పిందె కట్టినా లోపలి పిండం చనిపోయి, టెంక ఎదగని గోళీకాయలుగా మిగిలిపోతాయి.

దీనికి తోటల్లో తెలిసిన ఉపాయమే ఇక్కడా పనికొస్తుంది. గెల రెండు మూడు అంగుళాలు ఉండగానే మొదలంటా తుంచేయాలి. రాత్రుళ్లు ఇంకా చల్లగా ఉంటే, తుంచిన చోటికి కింద ఆకుల పక్క మొగ్గల నుంచి కొన్ని వారాల తర్వాత మళ్లీ గెలలు వస్తాయి. పికరింగ్ ఈ విషయంలో ఎంతో ఉదారమైన చెట్టు. జనవరి గెలలను తుంచితే మార్చిలో మళ్లీ పూస్తుంది, అప్పటికి పగళ్లు వెచ్చబడి ఈగలు తిరగడం మొదలవుతుంది. పూత ఇలా ఆలస్యమైతే ఉగాది పచ్చడికి పెరటి మామిడి ముక్క దొరకదు. ఆ రోజుకు కొట్టు కాయతోనే సరిపెట్టుకోవాలి. ఏప్రిల్ మొదట్లో నాలుగైదు రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాత నేరుగా ఎండలోకి మార్చాలి. గ్యారేజీ నుంచి ఒక్కసారిగా టెక్సస్ ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి.

శీతల దేశాల్లో మామిడి పండించేవారు చేసేదీ మౌలికంగా ఇదే, పెద్ద ఎత్తున. జపాన్‌లోని మియజాకిలో ఇర్విన్ రకాన్ని వేడిచేసిన ప్లాస్టిక్ ఇళ్లలో పెంచుతారు. హొక్కాయిదో దీవిలోని ఒతోఫుకేలో ఏకంగా చలికాలంలో నిల్వచేసిన మంచుతో వేసవిలో చెట్లకు చలికాలపు భ్రమ కల్పించి, చలికాలంలో వేడినీటి ఊటలతో వెచ్చబెట్టి, డిసెంబరులో పండ్లు కోస్తున్నారు. చెట్టుకు కావలసిన చలినీ వెచ్చదనాన్నీ వేళకు అందించగలిగితే ఊరు ఎక్కడున్నదన్నది పెద్ద అడ్డంకి కాదు.

తెగుళ్ల గురించి ఎక్కువ చెప్పాల్సినది లేదు. ఇక్కడి పొడి గాలిలో పక్షికన్ను తెగులు అంతగా రాలేదు. మబ్బు పట్టిన మార్చి వారాల్లో గెలల మీద బూడిద తెగులు కనిపిస్తే గంధకపు పొడి నీళ్లలో కలిపి చల్లితే ఆగింది. గ్యారేజీలో ఉన్నప్పుడు ఆకుల అడుగున పొలుసు పురుగులు చేరతాయి, వేప నూనెతో తుడిస్తే పోతాయి.

పండు సంగతి. నిలదొక్కుకున్న పదిహేను గ్యాలన్ల కుండీ చెట్టు ఏడెనిమిది కాయలను హాయిగా మోస్తుంది, అంతకు మించి పిందెలు నిలిస్తే నేనే తెంపేస్తాను. కాయ పావు కిలో నుంచి అర కిలో మధ్య ఉంటుంది. ఫ్లోరిడాలో జూన్, జూలైలలో పండేది ఇక్కడ ఆగస్టుకు వస్తుంది. తొక్క పసుపు, గుజ్జు ముదురు పసుపు, పీచు దాదాపు లేదు, తీపి నిండుగా ఉంటుంది, దాని వెనక పచ్చికొబ్బరి వాసన స్పష్టంగా తగులుతుంది. ఆ కొబ్బరి వాసన కొందరికి నచ్చదు, నాకు నచ్చింది. బంగినపల్లిలో ఉండే ఆ సన్నని పులుపు తాకిడి, చిన్న రసాల్లో ఉండే సువాసన ఇందులో ఉండవు. కోసుకుని తినే పండే ఇది, జుర్రుకునే పండు కాదు. ఆవకాయకు వాడాలన్న ఆలోచన కూడా పెట్టుకోకండి, కుండీలో కాసిన నాలుగు కాయలను పండనివ్వడమే న్యాయం.

భారతదేశపు మామిడికి అమెరికా 2007లో తలుపు తెరిచింది. విమానంలో వచ్చే ముందు పండ్లకు పురుగుల బెడద లేకుండా చేసే వికిరణ (ఇర్రేడియేషన్) ప్రక్రియ తప్పనిసరి. మే, జూన్ నెలల్లో డజను లోపు బంగినపల్లి పండ్లున్న పెట్టెకు 40 డాలర్లకు తక్కువ ఎక్కడా చూడలేదు. ఆ లెక్కన మొక్క, కుండీ, ప్లగ్గు, గుడ్డ ఖర్చు కలిపినా ఐదారు పెట్టెల ధరకు మించదు. అయినా డబ్బు ఆదా కోసం దీన్ని కొనమని నేను చెప్పను. చెట్టు మీదే పక్వానికి వచ్చి, ముట్టుకోగానే చేతిలోకి రాలిన పండు రుచిని ఇక్కడే పుట్టిన పిల్లలకు చూపించాలనుకుంటే మాత్రం ఇంతకంటే సులువైన దారి లేదు.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటీ చెట్టుకు కాదు, చలికి గట్టిదన్న ప్రచారానికీ, పట్టీ విప్పకుండా పంపిన నిర్లక్ష్యానికీ. షికాగో, న్యూజెర్సీ వంటి చోట్ల ఉన్నవారికి అక్టోబరు నుంచి మే వరకు చెట్టును లోపలే ఉంచాల్సి వస్తుంది. దక్షిణపు కిటికీతోపాటు మొక్కల దీపాలను రోజుకు పన్నెండు గంటలు వెలిగించగలిగిన ఇల్లు అయితేనే కొనండి. డాలస్, ఆస్టిన్, అట్లాంటా వారు మార్చి చివర గానీ ఏప్రిల్‌లో గానీ మొక్క చేరేలా ఆర్డరు పెట్టండి. ఒక వేసవి అంతా కుండీలో వేళ్లు పట్టిన మొక్కకూ, అక్టోబరులో వచ్చి నెల తిరక్కుండానే మంచును ఎదుర్కొనే మొక్కకూ మొదటి చలికాలంలో చాలా తేడా కనిపిస్తుంది. శరదృతువులో వచ్చే తగ్గింపు ధరలకు ఆశపడవద్దు.